నీలం పరదా ముందు వార్తలత్త

మామయ్య వరండాలో కూర్చుని మోకాళ్ళకు నూనె పట్టించుకుంటూ ఉండగా మొదలైంది గొడవంతా.

ఆ నూనె వాసన అంతా ఇంతా కాదు. కర్పూరం, కిరసనాయిలు, తడిసి ముక్కిపోయిన గోనెసంచి మూడూ కలిపి మరగబెట్టినట్టు ఇల్లంతా కమ్ముకుంది. లోపల పేపరు చదువుకుంటున్న అత్త ముక్కు మూసుకుని బయటికొచ్చి, ఈ కంపేమిటని అడిగింది. మామయ్య తలెత్తకుండానే, "నువ్వేగా రాసుకోమన్నావు" అన్నాడు.

నేనెప్పుడన్నానని అత్త. మొన్ననే అన్నావని మామయ్య. ఎక్కడన్నానని అత్త. ఫోనులో అన్నావని మామయ్య. ఇక ఇది మాటలతో తేలేలా లేదని, ఆయన జిడ్డు చేతిని తువ్వాలుకు తుడుచుకుని ఫోను తీసి చూపించాడు.

అందులో ఉన్నది సాక్షాత్తూ అత్తే. అదే కళ్ళజోడు, చెవుల మీదికి దువ్విన అదే నెరసిన జుట్టు, వెనకాల నీలం పరదా. ఇన్నేళ్ళూ మీకు వార్తలు చదివి వినిపించాను, ఇవాళ నా సొంత అనుభవం చెబుతున్నాను అంటూ మొదలుపెట్టి, ఒక నూనె సీసాను ఆకాశానికెత్తేసి, అది రాసుకున్నాక తన మోకాల్లు పడుచుపిల్ల మోకాల్లలా అయిపోయాయని చెప్పి చక్కగా నవ్వింది.

అత్త దాన్ని చివరిదాకా చూసింది. మళ్ళీ మొదటినుంచీ చూసింది. ముఖం ఎర్రబడింది. అయితే మామయ్య భయపడ్డట్టు ఆ కోపం నూనె మీద కాదు.

"మోకాల్లట. నేను మోకాళ్ళని మోకాల్లంటానా? ఇన్నేళ్ళు కాపురం చేశారు, ఆ మాత్రం పోల్చుకోలేకపోయారా?"

మామయ్య తన వాదన తాను వినిపించాడు. ఇంట్లో ఆవిడ చెప్పేది ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేయడం, తెర మీద చెప్పేది మాత్రం రెండు చెవులూ రిక్కించి వినడం ఆయనకు పెళ్ళైన కొత్తలోనే అలవాటైపోయిందట. తెర మీద నువ్వు ఏనాడూ అబద్ధమాడలేదు కదా, ఆ ధైర్యంతోనే రెండు సీసాలు తెప్పించానన్నాడు. ఈ మాటకు మురిసిపోవాలో, తల బాదుకోవాలో అత్తకు పాలుపోలేదు. రెండూ వాయిదా వేసి మేనకోడలికి ఫోను చేసింది.

బంధువుల్లో ఆవిడను అందరూ వార్తలత్త అంటారు. రిటైరయ్యేదాకా సాయంత్రం వార్తలు ఆవిడే చదివేది. కాగితం తిరగేసిన చప్పుడు వినపడేది కాదు, మాట తడబడేది కాదు, ఊపిరి ఎక్కడ పీల్చుకుంటుందో ఎవరికీ తెలిసేది కాదు. ఒకసారి చదువుతుండగా స్టూడియోలో దీపం పేలి గాజుముక్కలు బల్ల మీద పడితే, ఆవిడ రెప్ప కూడా వేయకుండా వాక్యం పూర్తిచేసి, ఆ తర్వాతే పక్కకు జరిగిందని చెప్పుకుంటారు. ఇప్పటికీ బజారుకెళితే కూరలమ్మే మనిషి కూడా ఆవిడ ముందు కాస్త సర్దుకుని, ఒత్తులు పలుకుతూ మాట్లాడతాడు.

మేనకోడలి పేరు పిచ్చుక. చిన్నప్పుడు ఒక్కచోట నిలవకుండా గెంతుతూ ఉండేదని అత్తే పెట్టిన ముద్దుపేరు అది. ఇప్పుడు పొద్దస్తమానం కంప్యూటరు ముందు కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం చేస్తున్నా, పేరు మాత్రం వదల్లేదు. ఆ ఉద్యోగం ఏమిటంటే, కంప్యూటర్లు అల్లిన దొంగ వీడియోలను పట్టుకోవడం. వైద్యుడు మన ఇంట్లోనే ఉండగా వీధిలో వెతకడమెందుకని అత్త ఆ నూనె వీడియోను పిచ్చుకకు పంపింది.

పిచ్చుక ఆఫీసు కళ్ళజోళ్ళ దుకాణం పైన ఉండే రెండు గదులు. పనిచేసేది ముగ్గురు. అందులో పెద్దాయన ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పినవాడు కాబట్టి మాస్టారు. రెండోవాడు అనుమానం. ఆ కుర్రాడు టీలో చక్కెర తానే వేసుకుని, వేశానో లేదోనని మళ్ళీ రుచి చూసే రకం. మూడో మనిషి పిచ్చుక. ముగ్గురూ కలిసి తయారుచేసిన ప్రోగ్రామును జల్లెడ అని పిలుచుకుంటారు. దానికి ఎవరూ సూత్రాలు రాసివ్వలేదు. వేలకొద్దీ వీడియోలు చూపిస్తూ, ఇది అసలు, ఇది నకిలీ అని చెప్పుకుంటూ పోయారు. తేడా ఎక్కడుందో అదే వెతుక్కుని నేర్చుకుంది. ఇప్పుడు ఏ వీడియో ఇచ్చినా, ఇది నకిలీ అనడానికి నూటికి ఎంత అవకాశముందో ఒక అంకె చెబుతుంది. ఏం చూసి ఆ అంకె వేసిందో మాత్రం నోరు విప్పదు.

జనం తమ వీడియోలు పెట్టుకునే ఒక సంస్థ ఈమధ్యే జల్లెడను వాడుకోవడం మొదలుపెట్టింది. జల్లెడ గట్టిగా నకిలీ అంటే చాలు, అక్కడ ఆ వీడియో దానంతటదే మాయమవుతుంది.

నూనె వీడియోను వేయగానే జల్లెడ తొంభై ఎనిమిది అంది. పిచ్చుక ఛాతీ ఉబ్బిపోయింది. మన ఇంటి మనిషికి మన చేతి పని అక్కరకొచ్చిందంటే ఆ తృప్తే వేరు. చూశావా అత్తా, క్షణంలో పట్టేసిందని చెప్పింది. అత్త కూడా భేషంది. అయితే ఆ వీడియో ఎవరి సైటులోనూ లేదు, ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి దొర్లుతూ ఊరంతా తిరుగుతోంది. దాన్ని తీసేయించడం ఎవరి తరం కాదు. కాబట్టి, నోటితో చేసిన తప్పుడు ప్రచారానికి నోటితోనే జవాబు చెబుతానని అత్త కూర్చుంది.

పడకగది కిటికీకున్న నీలం పరదా తెచ్చి గోడకు కట్టించింది. అటొకటి ఇటొకటి బల్లదీపాలు పెట్టించింది. నాలుగు లావుపాటి పుస్తకాల మీద ఫోను నిలబెట్టి మామయ్యను దాని వెనకాల నిలబెట్టింది. నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకోకుండానే, నూనె సీసాతో తిరుగుతున్న ఆ మనిషి తాను కాదని, తన మోకాళ్ళు ఎప్పటిలాగే నొప్పి పెడుతున్నాయని, ఎవరూ మోసపోవద్దని ఒక్క ఊపులో చదివేసింది. రెండోసారి తీయాల్సిన అవసరమే రాలేదు. మామయ్య దాన్ని ఆ సంస్థ సైటులో పెట్టాడు.

అత్త కాఫీ తాగి వచ్చేసరికి వీడియో లేదు. దాని స్థానంలో ఒక వాక్యం ఉంది. ఇది యంత్రం తయారుచేసిన నకిలీ వీడియో కనుక తొలగించామని.

పిచ్చుక హడావిడిగా చూసింది. జల్లెడ ఈసారి తొంభై తొమ్మిది అంది.

"అంటే," అని అత్త ఫోనులో నెమ్మదిగా అడిగింది, "ఆ నూనె మనిషి కంటే నేనే ఒక మార్కు ఎక్కువ నకిలీనా?"

ఇంటి దీపం కదా అని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయంటారు. పిచ్చుకకు మీసాలు లేవు గానీ కాలిన మంట మాత్రం బాగానే తెలిసింది.

ఆ తర్వాత వార్తలత్తకు బయట తిరగడం కష్టమైపోయింది. మందుల షాపాయన చిల్లర ఇస్తూ, ఇంతకీ వచ్చింది మీరేనా అమ్మా అని నవ్వాడు. కింది వాటాలో ఉండే ఆవిడ అయితే వాదనకే దిగింది. నకిలీ అని తీసేసింది రెండోదాన్ని కదా, అంటే మొదటిదే అసలన్నమాట, మీరు చెప్పారనే మా ఆడపడుచుకు కూడా ఒక సీసా తెప్పించాను అంది. అత్త ఇంట్లోకెళ్ళి తలుపేసుకుంది.

పిచ్చుకతో మామూలుగా మాట్లాడటం మానేసింది. ఫోను చేస్తే ఎత్తి, "నమస్కారం. ముఖ్యాంశాలు. మేనకోడలి యంత్రం మేనత్తను మనిషిగా గుర్తించలేదు. మామయ్య కులాసా. వార్తలు సమాప్తం" అని పెట్టేసేది. పిచ్చుక మొదట నవ్వింది. కానీ ఒకరోజు మామయ్య చాటుగా ఫోను చేసి, మీ అత్త అద్దం ముందు నిలబడి పేపరు చదువుకుంటోందమ్మా, నేను మరీ బొమ్మలా చదువుతానా అని నన్నడిగింది, ఏం చెప్పాలో తెలియలేదన్నాడు. ఆ మాట విన్నాక పిచ్చుకకు నవ్వు రాలేదు. ఎన్నో ఏళ్ళు కష్టపడి నేర్చుకున్న పనితనాన్ని, తాము తయారుచేసిన యంత్రం బొమ్మతనమని ముద్ర కొట్టింది. ఆ ముద్ర అత్త మనసులో దిగబడింది.

ఆ సాయంత్రమే వెళ్ళింది. బతిమాలుకుని, ఒక ఉపాయం చెప్పింది. ఈసారి చదివేటప్పుడు కొంచెం తడబడు అత్తా, మధ్యలో దగ్గు, ఒకటి రెండు మాటలు వెతుక్కో, జల్లెడ నమ్ముతుందేమో అంది. మేనకోడలి మొహం చూసి అత్త ప్రయత్నించింది. పాపం, ఆవిడ తడబాటు కూడా అక్షరం పొల్లుపోకుండా, రాసిపెట్టుకుని చదివినట్టే వచ్చింది. దగ్గు సరిగ్గా వాక్యం చివర, చుక్క పెట్టినట్టు పడింది. మామయ్య ఫోను వెనకాల నవ్వు ఆపుకోలేక పుస్తకాలు పడేశాడు. అత్త కుర్చీలోంచి లేచింది.

"నేను మనిషినని నిరూపించుకోడానికి తప్పులు చదవాలా? తప్పు నా దగ్గర లేదే పిచ్చుకా. నీ జల్లెడ దగ్గరుంది. వెళ్ళి దాన్ని దిద్దుకో."

ఆ మాటలో పిసరంత కూడా తీసేయడానికి లేదు.

మర్నాడు ఆఫీసులో సంగతంతా చెప్పింది. అనుమానానికి అనుమానమే వచ్చింది. ఆ వీడియోలో ఉన్నది మీ అత్తేనని నీకెలా తెలుసు అన్నాడు. మామయ్య తీశాడంది. మామయ్య అంటే ఆ నూనె కొన్నాయనే కదా అన్నాడు. మాస్టారు మాత్రం నిదానంగా, నూటికి రెండు మూడు తప్పులొస్తాయని మనం ముందే చెప్పాం కదమ్మా, మీ అత్తగారు ఆ రెండు మూడింట్లో పడ్డారని సర్దిచెప్పబోయాడు.

"ఆ రెండు మూడు ఎవరి మీద పడుతున్నాయో మనం ఎప్పుడైనా చూశామా సార్? ప్రతిసారీ ఒకే రకం మనుషుల మీద పడుతుంటే, అది పొరపాటు కాదుగా, అన్యాయం" అంది పిచ్చుక.

అయితే చూద్దాం పద అన్నాడు మాస్టారు.

ఎలా చూడాలో పిచ్చుకకు దారిలోనే తట్టింది. అత్త వీడియోలో ముఖమంతా నల్లటి చతురస్రంతో కప్పేసింది. కళ్ళు లేవు, నోరు లేదు, ఒక నల్లటి పలక, దాని వెనక నీలం పరదా. దాన్ని జల్లెడలో వేసింది. ముఖమే లేని ఆ వీడియోకు జల్లెడ తొంభై ఏడు వేసింది. పిచ్చుక ఈసారి ముఖాన్ని అలాగే ఉంచి, పరదా తీసేసి వెనకాల ఒక వంటింటి అలమారా బొమ్మ అతికించింది. అంకె దబ్బున జారి పదికి పడిపోయింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి అనుమానం తానే ముందుకొచ్చి, నూనె సీసా వీడియో వెనక కూడా అదే అలమారా పెట్టాడు. ఆ పచ్చి దొంగ వీడియోను చూసి జల్లెడ, ఇది అసలే పొమ్మంది.

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ముఖం చూడమని బడికి పంపితే ఇది పరదా చూసి మార్కులేయడం నేర్చుకొచ్చిందన్నాడు.

ఎందుకలా నేర్చుకుందో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నేర్పేటప్పుడు వాళ్ళు చూపించిన అసలు వీడియోలన్నీ మామూలు జనం ఇళ్ళలో, వంటిళ్ళలో, మెట్ల మీద ఫోనులో తీసుకున్నవి. నకిలీవేమో, తయారుచేయడం తేలిక కదా అని స్టూడియోలో సాదా పరదా ముందు కూర్చుని మాట్లాడేవాళ్ళ మీద చేసినవి. జల్లెడ ముఖాల జోలికి పోనేలేదు. చిందరవందరగా ఉంటే అసలు, తీర్చిదిద్దినట్టుంటే నకిలీ అని దగ్గరిదారి పట్టింది. వెనకాల పరదా, ముందర దీపాలు, నిటారుగా కూర్చునే మనిషి కనిపిస్తే చాలు, దాని దృష్టిలో దొంగే. అంతకంటే భయపెట్టే సంగతి ఇంకొకటుంది. దొంగ ఎవడైనా వంటింట్లో నిలబడ్డట్టు వీడియో అల్లితే, జల్లెడ దర్జాగా దారి వదులుతుంది.

మాస్టారు ఆ మధ్యాహ్నమే సంస్థవాళ్ళకు ఫోను చేశాడు. మేం దిద్దుకునేదాకా జల్లెడ మాట విని ఏదీ తీసేయకండి, మనిషి చూశాకే తీయండని చెప్పాడు. అవతలివాళ్ళు గట్టిగానే విసుక్కున్నారు. ఆయన అన్నీ విని, తప్పు మాదేనని ఒప్పుకుని పెట్టేశాడు.

ఇక దిద్దుబాటు. పరదా ముందు కూర్చుని తడబడకుండా మాట్లాడే నిజమైన మనుషులు కావాలి, అదీ ఒకరిద్దరు కాదు. పిచ్చుక మళ్ళీ అత్త ఇంటికే వెళ్ళింది. జరిగిందంతా చెప్పి, నల్ల పలక వేసినా అది నిన్ను నకిలీయే అంది, అంటే దానికి నీ ముఖంతో, నీ చదువుతో పేచీ లేదు అత్తా, కిటికీ పరదాతోనే పేచీ అంది. అత్త చాలాసేపు పరదా వంక చూసింది. అన్నిరోజుల తరువాత మొదటిసారి హాయిగా నవ్వింది. "అయితే నేను బొమ్మలా చదవననే కదా" అని అడిగి, జవాబు వచ్చేలోపే పాత ఫోను నంబర్లు వెతకడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే కళ్ళజోళ్ళ దుకాణం పైన సందడి మొదలైంది. వాతావరణం చదివే ఆయన వచ్చాడు. ఆటల వార్తలాయన వచ్చాడు. మార్కెట్టు ధరలు చదివే ఆవిడ తన వెంట ఒక దిండు కూడా తెచ్చుకుంది, ఎత్తు కుదరకపోతే గొంతు పలకదట. అందరూ రిటైరైనవాళ్ళే. మెట్లెక్కి ఆయాసపడి, కుర్చీలో కూర్చోగానే మాత్రం వెన్ను కర్రలా నిలబడేది. ఏ దీపం ఏ పక్కనుండాలనే దగ్గర వాతావరణానికీ ఆటలకీ పడలేదు. వార్తలత్త మధ్యలో దూరి ఇద్దరినీ కాదని మూడోచోట పెట్టించింది.

పిచ్చుక ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసింది. ప్రతి ఒక్కరినీ పరదా ముందు చదివించింది, తర్వాత వాళ్ళ వాళ్ళ ఇళ్ళకెళ్ళి వంటింట్లోనూ, మెట్ల మీదా చదివించింది. వాళ్ళు సరేనన్నాక, ప్రతి వీడియోకూ ఒక నకిలీ జోడు తయారుచేయించింది. అదే మనిషి, అదే గది, అదే దీపం. ఒకటి అసలు, ఒకటి నకిలీ. ఇక జల్లెడ తేడా వెతుక్కోవాలంటే ముఖంలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

తన నకిలీని చూసిన వాతావరణం ఆయన ముచ్చటపడిపోయాడు. ఇది నాకంటే బాగా చదువుతోంది, ఒక కాపీ ఇస్తావా అమ్మా అన్నాడు. వార్తలత్త చూసి, ఆ మాట నిజమే, ఇందులో మీరు తుపానని కాకుండా తుఫానని ఒత్తి పలుకుతున్నారు అంది.

జోడీలను పక్కపక్కన పెట్టి నెమ్మదిగా నడిపిస్తుంటే పిచ్చుకకు ఒకటి కనిపించింది. ప, బ, మ అనేటప్పుడు మనిషి పెదవులు పూర్తిగా కలుస్తాయి. కలవకపోతే ఆ అక్షరమే పుట్టదు. నకిలీల్లో శబ్దం పలుకుతోంది గానీ పెదవులు కలిసీ కలవనట్టు, మధ్యలో సన్నటి సందు వదిలేస్తున్నాయి. మామూలు వేగంలో కంటికి ఆనేంత సందు కాదు. అలాంటి మాటలే ఎక్కువుంటే జల్లెడకు ఆ తేడా అందుతుందని చెప్పగానే, అత్త కాగితం తీసుకుని అక్కడికక్కడే వాక్యాలు కట్టేసింది. "మా బాబాయి పాపం పామును చూసి భయపడి మంచం పైనుంచి పడ్డాడు" అని ఒకటి కట్టి, అందరి చేతా చదివించింది. మార్కెట్టావిడ మూడోసారికి నవ్వాపుకోలేక బాబాయిని పాముగా, పామును బాబాయిగా మార్చేసింది. అనుమానం కూడా చదవబోయి బయపడి అన్నాడు. అత్త అతన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు. భయపడి అనేదాకా కూర్చోబెట్టింది.

కొత్త జల్లెడ ఇంకా నేర్చుకుంటూ ఉండగానే, ఆ సంస్థ సైటులోనే ఇంకో వీడియో వచ్చింది. ఆ నూనె మనుషులదే. ఈసారి జుట్టు నూనె. ఈసారి పరదా లేదు, అత్త ఒక వంటింట్లో నిలబడి ఉంది, వెనకాల గిన్నెల అలమారా ఉంది. పాత జల్లెడ దానికి పన్నెండు వేసి పొమ్మంది. అత్త పిచ్చుక బల్ల దగ్గర కూర్చుని ఆ వీడియో చూసింది. కుదుళ్ళు అంది అందులోని మనిషి. వేళ్ళతో అంది. గోళ్ళు తగలకుండా అంది. ఒక్క ళ కూడా జారలేదు. గొంతు ఎక్కడ దించాలో అక్కడ దించింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. అత్త ముఖంలో రంగు తగ్గింది.

"పిచ్చుకా," అంది మెల్లిగా, "ఇది నేనేనేమోనే. ఎప్పుడైనా, ఎవరి ఇంట్లోనైనా, ఇలా అన్నానేమో. నాకే తెలియడం లేదు."

పిచ్చుక ఆవిడ చేయి పట్టుకుంది. అత్త చెవికి అందని నకిలీ అంటే, ఇక మనిషి చెవి మీద ఆధారపడే రోజులు పోయాయన్నమాటే. అంతవరకు జల్లెడ తనకు ఉద్యోగం. ఆ మధ్యాహ్నం మాత్రం, ఇది పనిచేసి తీరాలని పిచ్చుక గట్టిగా అనుకుంది.

తొందరపడి ఆ వీడియో ఒక్కటే వేసి చూసుకోవడానికి మాస్టారు ఒప్పుకోలేదు. నేర్చుకున్న పాఠంలోంచే ప్రశ్నలిస్తే ఎవరైనా పాసవుతారన్నాడు. అనుమానం ముందుచూపుతో, జల్లెడ కంట పడకుండా కొన్ని అసళ్ళూ కొన్ని నకిలీలూ దాచి ఉంచాడు. నేర్పడం పూర్తయ్యాక ముందు వాటిని వేశారు. నూటికి నూరూ రాలేదు. మూడింట్లో తప్పింది. కానీ ఆ మూడు తప్పుల్లో ఒకటి వంటింట్లోది, ఒకటి మెట్ల మీదిది, ఒకటి పరదా ముందుది. ఒకే రకం మనుషుల నెత్తిన పడలేదు. మాస్టారు తలాడించి, ఇప్పుడు వేయండన్నాడు.

జుట్టు నూనె వీడియోకు తొంభై నాలుగు వచ్చింది. కొత్త జల్లెడకు పిచ్చుక ఇంకో విద్య కూడా నేర్పింది, ఎక్కడ చూసి అనుమానపడిందో అక్కడ రంగు వేసి చూపించమని. తెర మీద అత్త పెదవుల చుట్టూ ఎర్రటి మచ్చ వెలిగి, ప్రతి ప దగ్గరా, ప్రతి మ దగ్గరా చిక్కబడింది. అలమారా మీద చుక్క కూడా పడలేదు.

తర్వాత అత్త సొంత వీడియో వేశారు, నీలం పరదాతో సహా, మాయమైపోయిన ఆ వీడియోనే. అంకె పైకి ఎక్కుతుందేమోనని అందరూ తెరకే కళ్ళప్పగించారు. ఆరు దగ్గర ఆగింది.

అనుమానం చప్పట్లు కొట్టాడు. మాస్టారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అత్త మాత్రం తెర వైపు వంగి, "ఆ ఆరు ఎందుకు?" అని అడిగింది.

జల్లెడ ఎవరికీ సున్నా వేయదని పిచ్చుక నచ్చజెప్పబోయింది. ఆవిడ వినలేదు. పుట్టినప్పటినుంచీ మనిషినే, ఆరు వంతులు ఎక్కడ తగ్గానో చెప్పమంది. ఆఖరికి మాస్టారే తన వీడియో ఒకటి వేయించి చూపించాడు. ఆయనకు తొమ్మిది వచ్చింది. దాంతో అత్త శాంతించి, ఆయన వైపు కాస్త జాలిగా చూసింది.

సంస్థవాళ్ళు అత్త వీడియోను మళ్ళీ పెట్టారు. పొరపాటున తీసేశామని, క్షమించమని కింద రాశారు. అప్పటికే ఇలా తొలగిపోయిన వేరే వీడియోలు కూడా వెతికి చూస్తే, అందులో ఒక సంగీతం మాస్టారివి, ఒక బడి ప్రిన్సిపాలువి, నత్తి పోగొట్టుకోవడానికి ఏళ్ళ తరబడి సాధన చేసి మొదటిసారి తడబడకుండా ఉపన్యాసం ఇచ్చిన ఒక కుర్రాడివి దొరికాయి. అవన్నీ తిరిగొచ్చాయి. ఆ కుర్రాడు ఆఫీసుకు రాసిన నాలుగు ముక్కలు చదివి, పిచ్చుక బయటికెళ్ళి మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చింది.

జుట్టు నూనె వీడియో సైటులోంచి పోయింది. పోలీసులకు ఫిర్యాదు చేశారు. సీసా మీదున్న ఫోను నంబరు మూగబోయింది. వాళ్ళు రేపు ఇంకో పేరుతో, ఇంకో నూనెతో వస్తారని అందరికీ తెలుసు. రానీ అంది అత్త. కింది వాటా ఆవిడ మాత్రం ఎదురుపడి, అయితే మా ఆడపడుచు సీసా ఏం చేయమంటారని అడిగింది. తలుపు కీళ్ళకు వేసుకోమని అత్త సలహా ఇచ్చింది.

రికార్డింగు పని అయిపోయింది గానీ వచ్చిన పెద్దలు రావడం మానలేదు. బుధవారం వచ్చిందంటే చాలు, ఎవరో ఒకరు మెట్లెక్కి వచ్చి ఏదో ఒకటి చదివి వెళతారు. దొంగలు కొత్త పద్ధతులు నేర్చుకుంటూ ఉంటే జల్లెడకు కూడా కొత్త పాఠాలు కావాలి కదా అని మాస్టారు వాళ్ళకోసం నాలుగు కుర్చీలు ఎక్కువ తెప్పించాడు. అనుమానం ఇప్పుడు ఒత్తులు తప్పకుండా మాట్లాడుతున్నాడు, తప్పానేమోనని రెండోసారి కూడా చెబుతున్నాడు.

ఒక బుధవారం పని ముగించుకుని అత్తా, పిచ్చుకా మెట్లు దిగుతున్నారు. అత్త మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, వచ్చే వారం మార్కెట్టావిడ చెల్లెలు కూడా వస్తానంటోంది, ఆమె పాటలు పాడుతుంది అని చెప్పింది. మంచిదే రమ్మనంది పిచ్చుక. అత్త ఒక మెట్టు మీద ఆగింది.

"పాడేటప్పుడు పెదవులు మాటల్లో కలిసినంత గట్టిగా కలవవు కదే. సాగదీస్తాం, సగంలో వదిలేస్తాం. మీ జల్లెడకు పాటలు వినిపించారా?"

పిచ్చుక కూడా ఆగిపోయింది. వినిపించలేదు. ఒక్కటంటే ఒక్క పాట కూడా వినిపించలేదు. పాడే మనుషులందరినీ ఇప్పుడది ఏమనుకుంటోందో మరి.

"మరి ఇన్నాళ్ళూ పైన ఏం చేస్తున్నారే ముగ్గురూ" అంది అత్త, కోపం లేకుండానే.

పిచ్చుక అత్తను కళ్ళజోళ్ళ దుకాణంలో కుర్చీ వేయించి కూర్చోబెట్టి, మాస్టారు ఇంకా తాళం వేయలేదని చూసుకుని, రెండేసి మెట్లు గెంతుతూ పైకి పరిగెత్తింది.